బుట్ట పెట్టిన చోటు

పదహారు మెగాబైట్లు అడిగాను, ఒకే వరసలో.
లేవంది కెర్నల్.

అబద్ధమేం ఆడలేదు. ఖాళీ లెక్క చూస్తే
మూడొందల పైచిలుకే ఉంది,
అంతా చిల్లర.
ఇక్కడో పేజీ, అక్కడ రెండు,
కంటైనర్ యార్డులో పెట్టెకీ పెట్టెకీ మధ్య
మనిషి ఒత్తిగిలితే గాని దూరలేని సందుల్లా.

సింధియా జంక్షన్ దగ్గర, టైర్ల కొట్టు మీది గదిలో
మూడు రోజులుగా ఇదే గొడవ.
ఓడలొచ్చే కాలువ అడుగున ఎంత బురద పేరుకుందో
శబ్దంతో తడిమి చూసే కార్డు అది.
దానికి డ్రైవర్ రాయడం నా పని.
పొద్దున్న మిషన్ వెయ్యగానే అడిగితే ఇస్తుంది.
సాయంత్రం, అందరూ లేచి, తిరిగి,
ఎక్కడివాళ్ళక్కడ కూలబడ్డాక అడిగితే
చేతులెత్తేస్తుంది.

ముక్కలే ఏరుకొచ్చి, వరస నంబర్లు అతికించి
ఇదంతా ఒకటే చోటని చెప్పొచ్చు.
ప్రాసెసర్ నమ్ముతుంది.
కార్డు నమ్మదు, దానికి పటం చదవడం రాదు.
మొదటి గడప చూపిస్తే చాలు
పక్క గడప, ఆ పక్క గడప, తిన్నగా నడుచుకుపోతుంది
మధ్యలో ఎవరి ఇల్లున్నా
వాళ్ళ మంచం మీద బురద లెక్కలు కుమ్మరిస్తూ.

"ముక్కల జాబితా చదవగలిగే కార్డు కొందాం సార్" అన్నాను.
దాలినాయుడు గారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు.
లేదనడానికి ఆయన పద్ధతి అది.

నిద్ర పట్టక, ఇంకా చీకటుండగానే
ఫిషింగ్ హార్బర్‌కి పోయాను.
బోట్లు రాలేదు.
వేలం షెడ్డులో నేలంతా నిన్నటి ఐసు తడి.
మైలపల్లి ఎర్రయ్యమ్మ మూడింటికే వచ్చి
ఎనిమిది ఖాళీ బుట్టలు, అంచుకి అంచు ఆనించి
బోర్లించేసింది.
వాటి మీద ఎంత జనమో!
టీ కుర్రాడు కెటిల్ దింపాడు,
ఇద్దరు కళాసీలు బీడీ ముట్టించారు,
చివరి రెండు బుట్టల మీద ఎవరిదో పిల్ల
ముడుచుకుని నిద్రపోతోంది.

"ఏటమ్మా, నీ చోటు అందరికీ ఇచ్చేసినావు?"
"బోటొచ్చేదాకా ఊరికినే పడుంటది గదా బాబూ,
కూకోనీ.
నాను లెగమంటే లెగాల. అదే మాట."

టీ చల్లారిపోయేదాకా అక్కడే నిలబడ్డాను.
మిషన్ కళ్ళు తెరవకముందే బుట్టలు బోర్లించాలి.
ఆపైన కాపలా కాస్తూ కూర్చోకూడదు,
లెమ్మంటే మూట సర్దుకుని జరిగేవాళ్ళకి
అప్పివ్వాలి.

ఏడింటికి సింధియా చేరి
బూట్ వరసలో ఆ ఒక్క మాట చేర్చాను.
సాయంత్రం దాకా అందరినీ తిరగనిచ్చి
అడిగాను.
లేవంది.

పేజీ మీద పేజీ, వేలు పెట్టి లెక్కపెట్టాను.
మొత్తం నాలుగు వేల తొంభై ఆరు.
నాలుగు వేల తొంభై అయిదు జరగడానికి సిద్ధం.
ఒకటి కదలదు,
నడిమధ్య మేకు కొట్టినట్టు.

ఎవడా దొంగ అని పేరు చూస్తే
నేనే.
పోయిన నెల ఏదో తప్పు పట్టుకోడానికి
కాసేపు కదలకు అని బిగించి
విప్పడం మర్చిపోయాను. రోజూ పొద్దున్నే
నా డ్రైవర్ ఆ మేకు మళ్ళీ కొడుతోంది.
మూడు రోజులు కెర్నల్‌ని తిట్టిన నోటితో
ఒక గ్లాసు మంచినీళ్ళు తాగాను.

విప్పేశాను. అడిగాను. ఇచ్చింది.
రాత్రి తొమ్మిదికి కాలువ అడుగు
తెర మీద బూడిదరంగులో మెల్లగా పరుచుకుంది,
ఎవరో పారేసుకున్న లంగరుతో సహా.

అయినా, ఇవ్వనంటే ఏం చెయ్యాలో కూడా
రాసే ఉంచాను.
తీసుకున్నవి తీసుకున్న వరసకి ఎదురుగా వదిలెయ్,
తలుపు వేసి బయటికి రా.

ఇంటికెళ్తుంటే ఆ పిల్ల గుర్తొచ్చింది.
బోటు హారన్ వినపడగానే
కళాసీలు లేచారు, కెటిల్ లేచింది,
ఎర్రయ్యమ్మ పిల్లని మాత్రం లేపలేదు.
రెండు చేతులా ఎత్తి
పక్కనున్న వలల కుప్ప మీద పడుకోబెట్టింది.
పిల్ల బొటనవేలు నోట్లో పెట్టుకుని
అదే కల
అక్కణ్ణించే కంటోంది.