రైటర్ లెక్క

ఇరవై రెండేండ్లు ఇదే కుర్చీ.
ఒక కాలు పొట్టిది, దాని కింద మడిచిపెట్టిన పాత వారంటు.
దేవరకొండ రోడ్డు మీది ఈ ఠాణాల
దొంగతనాలన్నీ నా చేతిరాతలనే దొంగతనాలైనయి.

సమయం: రాత్రి.
నిందితులు: గుర్తు తెలియని వ్యక్తులు.
సొత్తు: ట్రాన్స్‌ఫార్మర్ల రాగితీగ, సుమారు ముప్పై కిలోలు.
రాత్రంటే ఎప్పుడని ఎవ్వరూ అడగలే.
నేనూ అడగలే.

పాలమూరు నుంచి షాహీన్ వచ్చిన నాడు
డాంబరు చెప్పులకు అంటుకుంటున్నది.
సంచిల స్కేలు, టిఫిన్ డబ్బా, ఎస్పీ సారు సంతకమున్న కాగితం.
"ఆరేండ్ల ఎఫ్ఐఆర్‌లు గావాలన్నా" అన్నది
గుప్పెడు గుడాలడిగినంత మామూలుగ.

నలభై దినాలు స్టోర్‌రూంల కూసున్నది,
పట్టుకొచ్చిన గుడుంబ క్యాన్ల నడుమ.
ఎలుకలు కొరికిన కట్టలు విప్పి
నా వంకర రాతను గడుల్లకు ఎక్కించుకున్నది.
నా ఏడు ఆమెకు ఒకటి లెక్క కనపడేది,
మాటిమాటికి లేసొచ్చి అడిగేది.
ఎన్నడూ ఎవరూ చదవని రాతను
ఒకరు గంత శ్రద్ధగ చదువుతుంటే
భయమేసింది.

ఒకపొద్దు అడిగింది:
"లైన్ల కరెంటుండంగ ఆ డబ్బాను ఎవరన్న విప్పుతరా?"
"బొగ్గైపోతరు బిడ్డా" అని నవ్విన.
ఆమె నవ్వలే.
సబ్‌స్టేషన్ గోడకంటించే కాగితాలు నా ముందర పరిచింది:
ఏ ఫీడరుకు ఏ రాత్రి ఎన్నింటి నుంచి బందో.
పక్కన నా ఎఫ్ఐఆర్‌లు.
నూటా పద్దెనిమిదింట్ల తొంభై ఒకటి
ఆ బందు గంటల మీదనే కూసున్నయి,
తీగ మీద కాకుల లెక్క.
"టైము నీకెట్ల తెల్సింది? నేను రాయలే గద."
"రాసినవన్నా" అన్నది.
'నాలుగింటికి కరెంటొస్తదని పోతే మోటరు నడవలే' –
రైతు చెప్పిన మాట, నా అక్షరాలల్లనే.
రాసిన.
చదవలే.

మరి ఇన్నేండ్లు మేం చేసిందేంది?
తీగ పోయిన తెల్లారి జీపు తండకు పోయేది.
రమావత్ లచ్చు షీట్ల ఉన్నడు గనుక పట్టుకొచ్చెటోళ్లం.
పట్టుకొచ్చినం గనుక మళ్ల షీట్లకెక్కేటోడు.
ఒకసారి మూడు దినాలుంచినం.
రెండో రాత్రి అతని బోరు కాడి ట్రాన్స్‌ఫార్మరే పోయింది.
ఫిర్యాదు ఇయ్యనీకి
అతను బయట లేకపాయె.

నల్లగొండ మీటింగుల షాహీన్‌కు ఏడు నిమిషాలిచ్చిన్రు.
బిస్కెట్ల ప్లేటు పక్కన
కెమెరాల టెండరు కాగితం అప్పటికే తయారున్నది.
"నలభై కెమెరాలు పెడితే సరిపోదా?"
"కెమెరాకు గూడ కరెంటు గావాలె గద సార్."
వెనుక వరసల నేను దగ్గినట్టు నవ్విన.
ఆఖరుకు రెండు సబ్‌స్టేషన్లకు ఒప్పుకున్నరు, ఆర్నెల్లకు:
బందు గంటలు వారానికొక తీరు మార్చుడు,
గోడకంటించకుంట రైతుల ఫోన్లకే పంపుడు,
ఆ గంటల్లనే గస్తీ తిరుగుడు.

నిరుడు అవే ఆర్నెల్లల్ల పదకొండు.
ఈసారి మూడు.
చాయ్ తెప్పించిన, సమోసాలు గూడ.
ఆమె పెన్ను కొరుక్కుంట కూసున్నది.
"ఈ యేడు వానలు మంచిగ పడ్డయన్నా, రాగి ధర గూడ దిగింది.
దొంగలు పక్క మండలానికి పోయిన్రేమో, అదీ చూడాలె.
మన వల్లనే తగ్గిందో లేదో ఇంక తెల్వదు.
ఇంకో యేడు లెక్కపెట్టాలె."
అట్లనే రాసింది రిపోర్టుల.
'ఇంకా తెలియదు' అనే మాట
సర్కారుకు పోయే కాగితం మీద చూసుడు
నాకు అదే మొదలు.

ఇప్పుడు ఉత్తగ రాత్రి అని రాస్తలేను.
కరెంటు ఎప్పుడు పోయింది, ఎప్పుడొచ్చింది,
కుక్కలు మొరిగినయా, ఏ దిక్కుకు?
రైతులు ఇసుక్కుంటరు. ఎస్సై సారు గూడ.

లచ్చు షీటు బీరువల అట్లనే ఉన్నది.
పేరు ఎక్కించనీకి ఫారమున్నది, గడులున్నయి.
తీసేయనీకి నా చేతుల ఏదీ లేదు.
నిన్న మార్జిన్ల పెన్సిల్‌తోని రాసిన:
'ఇతని ట్రాన్స్‌ఫార్మర్ కూడా పోయినది.
తేదీ చూడవలెను.'