నలభై రెండో నిమిషంలో

మార్చి ముప్పై ఒకటిలోగా అందరూ పాసవ్వాలని
పైనుంచి కాగితం.
యశవంతపురం సబ్‌డివిజన్‌లో ఇంకా మిగిలింది
వాల్వుల మునెప్ప ఒక్కడే.
జూన్‌లో అతని రిటైర్మెంటు.

"నీటి నష్ట నివారణ: ప్రాథమిక స్థాయి."
ఈ వీడియో ముందుకు లాగితే ఒప్పుకోదు,
మధ్యలో వదిలేస్తే మళ్లీ మొదటికొస్తుంది.
రెండుసార్లు కరెంటు పోయింది.
రెండుసార్లూ ఆ మేడం
నమస్కారం దగ్గర్నుంచే మొదలెట్టింది.

మౌసు పట్టడం నేర్పబోయాను.
నాలుగడుగుల తాళంతో రోడ్డు కింద చక్రాలు తిప్పే చేతిలోంచి
అది నిజంగానే ఎలకపిల్లలా జారిపోయింది.
"నువ్వే నొక్కమ్మా, నేను వింటా."

నొక్కుతూ కూర్చున్నాను.
కందుకూరు నుంచి వచ్చి నాలుగేళ్లు;
పదిహేడు మంది సర్టిఫికెట్లు
నా వేళ్ల మీదుగానే పుట్టాయి.
నాకు లాగిన్ లేదు.
కాంట్రాక్టు మనిషికి శిక్షణ అక్కర్లేదట.

ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూశాడు.
నిద్రపోయాడనే అనుకున్నాను.
నలభై రెండో నిమిషంలో, కళ్లు తెరవకుండానే,
"ఆయమ్మ ఇంట్లో నల్లి కారతా ఉండాది" అన్నాడు.

మా ఊళ్లో నల్లి మంచాల్లో పాకుతుంది.
ఇక్కడది గోడలోంచి కారుతుందని
అర్థమవడానికి ఒక క్షణం పట్టింది.
వెనక్కి లాగి విన్నాను. వినపడలేదు.
"ఎడమ చెవిలో" అన్నాడు.
మళ్లీ విన్నాను.
ఆమె మాటకీ మాటకీ నడుమ,
టప్.

ఆ తర్వాత పరీక్ష.
లీకేజీకి మొదటి ఆనవాలు ఏది?
బిల్లులో తేడా. నేల మీద తడి.
వినియోగదారుడి ఫిర్యాదు. మీటరు సంకేతం.
నాలుగూ చదివించుకున్నాడు.
"ఇవన్నీ అయిపోయినాక వచ్చేటివి కదమ్మా!"

రాత్రి రెండు దాటి, బస్సులు ఆగినాక
ఇనప కడ్డీ రోడ్డుకి ఆనించి
పై కొన చెవి వెనక ఎముకకి తాకించాలంట.
"మంచి పైపు నిద్రపోతా ఉంటాది.
పగిలింది
జలుబు చేసిన బిడ్డ మాదిరి
సుయ్యిమంటాది."

దానికి ఐదో గడి లేదు.
రెండోది నొక్కాను. తప్పంది.
ఎలాగో డెబ్బై మార్కులతో గట్టెక్కాడు.

చివర్న ఒక పెట్టె: మీ సూచనలు,
రెండు వందల అక్షరాలు మించకుండా.
అతను చెప్పాడు, నేను కొట్టాను.
నల్లిని మాత్రం కుళాయి చేశాను.
"అమ్మా, మీ ఎడమ పక్క గోడ వెనక కుళాయికి వాషరు పోయింది.
దినానికి రెండు బిందెలు పోతాయి. మార్పించండి.
ఎం. మునెప్ప, వాల్వుమాన్."
ఇంకా అక్షరాలు మిగిలాయంది స్క్రీను.
"చాల్లే" అని సైకిలు తాళం వెతుక్కున్నాడు.

మత్తికెరెలో నా అద్దె గది.
గరిటె కాడ బాత్రూం పైపుకి ఆనించి
రెండో కొస చెవి వెనక పెట్టుకుని
అరగంటగా నిలబడ్డాను.
పైవాళ్ల మిక్సీ, ఎవరిదో దగ్గు,
నా రక్తమే కాబోలు ఏదో హోరు.

ఇంకా బస్సులు ఆగలేదు.