అరిగిన బటన్

ఔదెనార్దె ఊరి చివర, ఓడియెల్ గ్యారేజీలో
వెల్లకిలా పడుకుని ఉన్నాను.
వీపు కింద ఫిబ్రవరి కాంక్రీటు,
ముక్కుకి జానెడు పైన
పదకొండేళ్ల కారు కడుపు.

కొనేది నేను కాదు, గ్రీట్.
పగలు కట్టుడు పళ్లు పోతపోస్తుంది,
రాత్రి ఈ కారు పేరు తలుచుకుని పడుకుంటుంది.
ఆరు సిలిండర్లు. మూడొందల ముప్పై గుర్రాలు. ముదురు నీలం.
"రోడ్డుని బట్టి సస్పెన్షన్ తనే మారుతుందట,
అది ఉన్న కారు మంచిదా, లేనిది మంచిదా?"
దారి పొడుగునా ఇదే గోల.

కొత్త కారైతే ఉన్నదే మంచిది అన్నాను.
పాతదైతే అడగాల్సింది మంచీ చెడూ కాదు, ఆయుష్షు.
మామూలు డ్యాంపర్ ముసలిదైతే మూలుగుతుంది,
ఇది ముసలిదైతే బిల్లు రాస్తుంది.
ఒక్కోటీ పదకొండు వందల యాభై యూరోలు.
అలాంటివి నాలుగు. నా కూలి వేరే.
ఏనుగుని కొన్నాక అంకుశం దగ్గర బేరమేమిటంటారు గానీ
ఏనుగు ధర ఏటేటా పడిపోయి
అంకుశం ధర అక్కడే నిలబడ్డ సంత ఇది.

టార్చి వేశాను.
ముందు రెండూ పొడిగా ఉన్నాయి.
కుడి వెనకదీ పొడే.
ఎడమ వెనక,
సన్నగా, నూనె చెమట.
వేలితో తుడిచి వాసన చూశాను.
ఓడియెల్ బూట్లు రెండడుగులు వెనక్కి జరిగాయి.

లోపల గేరు పక్కన మూడు బటన్లు.
స్పోర్ట్ అన్న అక్షరాలు నిన్న అచ్చేసినట్టున్నాయి.
మధ్యదానికి తల పోయింది, తోక మిగిలింది.
కంఫర్ట్ మీద ఒక్క అక్షరమూ లేదు,
ఏటి రాయంత నునుపు.
ఇన్ని గుర్రాల్ని కొని
ఇంత మెత్తగా తోలిన మనిషెవడయ్యా!

గ్రీట్ సీటు కింద చెయ్యి పెట్టి
ఒక ఈక తీసింది.
బూడిదరంగు, అంచున కొంచెం ఆకుపచ్చ మెరుపు.

అప్పుడు చెప్పాడు ఓడియెల్,
ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు.
పందెం పావురాలు.
బుట్టలో ఎక్కించి, ఎడమ వెనక సీట్లో బెల్టు పెట్టి
యాభై కిలోమీటర్లు తీసుకెళ్లి వదిలేవాడట, తర్ఫీదుకి.
"దారిలో సగం రాళ్లు పరిచిన రోడ్డే.
కుదిపితే పిట్ట బుట్టలో కాళ్లు బిగబట్టి నిలబడుతుంది.
అలిసిన కాళ్లతో ఏం ఎగురుతుంది?"

"మరింత ఇంజనెందుకు?"
"వదిలాక, వాటికంటే ముందు ఇల్లు చేరాలిగా.
వాలేటప్పుడు చూడాలి."
"చేరావా ఎప్పుడైనా?"
"లేదు."
బుట్ట ఖాళీ అయ్యాక కూడా
బొటనవేలు ఆ బటన్ మీదికే పోయేదట.

పావురాల బరువుకి డ్యాంపర్ చావదు,
ఆ సంగతి నాకు తెలుసు.
తెలిసీ ఆ మూల వైపు
ఇంకోసారి చూశాను.

రాళ్ల రోడ్డు మీదికి తీసుకెళ్లాం.
స్పోర్ట్‌లో, ఇంకో కిలోమీటరు పోతే
నేనూ గ్రీట్‌కి గిరాకీ అయ్యేవాణ్ణి.
కంఫర్ట్‌లో మూడు మూలలు నోరు మూసుకున్నాయి.
నాలుగోది మాత్రం టక్, టక్ మని
ఎవరో తలుపు తడుతున్నట్టు.

వెయ్యి తగ్గించమంది. తగ్గించాడు.
ఈక మాత్రం వెనక్కి తీసుకున్నాడు.

కొత్త డ్యాంపర్ ఎస్టిమేటు
నా గోడ మేకుకి వేలాడుతూ మూడు నెలలు.
వచ్చే జీతానికి అంటుంది ప్రతిసారీ.
ఈలోగా ప్లాస్టర్ అచ్చులు, ఎవరెవరి దవడలో,
గుడ్డల్లో చుట్టి వెనక సీట్లో పెట్టుకుని తిరుగుతోంది,
కుడి వైపు.

స్పోర్ట్ నొక్కావా అనడిగాను మొన్న.
"ఒక్కసారి. తెల్లారుజామున, ఖాళీ రోడ్డు మీద.
బిగుసుకుపోయి ఉంది,
రెండుసార్లు నొక్కాల్సొచ్చింది."