అంగుళం పక్కన మీసం

మా నాన్న శనివారాలు
చంకలో కథలు పెట్టుకొచ్చేవాడు.
వడపళనిలో ప్రెస్సు. రంగు కుదరని షీట్లు,
తూకానికి పోవాల్సినవి,
మేనేజరు చూసీ చూడనట్టు వదిలేసినవి.

వాటిల్లో రాజుగారి ఎరుపు ఒకచోట, రాజుగారు ఒకచోట.
మీసం అంగుళం పక్కకి జరిగి
మంత్రి చెవికి వేలాడేది.
చాలాకాలం నేను
రాజులంటే అలాగే ఉంటారనుకున్నాను.

చదివింది అరవ బడి.
తెలుగు నాకు ఈ కాగితాల మీదే వచ్చింది,
పన్నెండో పేజీ పక్కన ముప్ఫై ఏడు వచ్చినట్టు,
వావీ వరసా లేకుండా.
ఒత్తులు ముందు, గుణింతం తరవాత.
బ్రహ్మరాక్షసుణ్ణి గడగడా చదివేసి
కూర దగ్గర తడబడేదాన్ని.

జూన్ నెలలో అందరి నోటుబుక్కులకీ
బ్రౌన్ షీటు అట్టలు.
మావాటికి రాక్షసులు.
లెక్కల పుస్తకం మీద సగం కోట,
సైన్సు మీద ఏడు తలల్లో నాలుగు.
తిలకవతి టీచర్ రెండు వేళ్లతో పైకెత్తి
"ఎన్నడీ ఇదు?" అంది. క్లాసంతా నవ్వింది.
ఇంటర్వెల్లో అదే క్లాసు
నా బెంచీ చుట్టూ మూగి
ఆ జాంగ్రీ అక్షరాలేం చెబుతున్నాయో
అరవంలో చెప్పమంది.
చెప్పాను. తెలియనిచోట కల్పించాను.
తెలియనిచోట్లే ఎక్కువ.

కింద వాటాలో హైమావతక్క
సినిమాల్లో చెలికత్తె.
ఎప్పుడూ రాణికి ఎడమ పక్క, వెనక, రెండో మనిషి.
షూటింగు నుంచి వచ్చే వేళకి నీళ్ల లారీ వస్తే
గిల్టు వడ్డాణంతోనే
ఆకుపచ్చ ప్లాస్టిక్ బిందె పట్టుకుని పరిగెత్తేది.
చెమటకి కారి
బుగ్గల రంగు మెడ మీదికి జరిగేది,
అచ్చం మా ఇంటి కాగితాల్లోలాగే.

ఆదివారం సాయంత్రం ఓనరు ఇంట్లో టీవీ, తలకి పావలా.
"అదిగో, అక్క మోచెయ్యి!" అని కుముదిని అరిస్తే
గదంతా చప్పట్లు.
అక్క కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది.
ఓనరమ్మ ఆమె దగ్గర మాత్రం పావలా తీసుకోలేదు.

ఒక కథ ఉండేది.
ఊళ్లో దీపాలు వెలిగించే కుర్రాడు
ఓ రాత్రి బావిలోకి దిగి చూస్తే
అడుగున ఇంకో ఊరు, అక్కడా దీపాలు,
వెలిగించేవాడికీ వీడి మొహమే.
వాడు తలెత్తి ఏమన్నాడంటే
తరువాయి ఇరవై తొమ్మిదో పేజీలో.

ఇరవై తొమ్మిది నాన్న తేలేదు.
ఆ షీటు బాగా వచ్చిందట. రంగు కుదిరిందట.
బాగా వచ్చినవి మాకు దక్కేవి కావు.

కరెంటు పోయిన రాత్రుల్లో డాబా మీద
ఆ పేజీ నేనే అచ్చేసేదాన్ని.
ఒకసారి వాడు "కాస్త నూనె అప్పివ్వు" అన్నాడు.
ఒకసారి "లారీ వచ్చింది, బిందె తే" అన్నాడు.
ఒక ఎండాకాలం మాత్రం, కుముదినికి ఆటలమ్మ పోసినప్పుడు,
"నువ్వు పైకెళ్లి పడుకో,
ఇవాళ్టికి రెండూళ్లూ నేను చూసుకుంటాలే" అన్నాడు.
ఆ తరవాత ఇంకేదీ అననివ్వలేదు అది.

మొన్న లజ్ కార్నర్ పేవ్‌మెంటు మీద
పోటీ పరీక్షల గైడ్ల కింద ఆ సంచిక కనబడింది.
నలభై అన్నాడు. బేరమాడలేదు.
పన్నెండు బి బస్సులో నిలబడే తెరిచాను.
రంగులు ఎక్కడివక్కడ. మీసం మూతి మీద.
వాడన్నది కూడా ఉంది:
పరుల సొమ్ము ఆశించరాదు, వగైరా,
కింద చిన్న దీపం బొమ్మ.

ఫొటో తీసి కుముదినికి పంపాను.
కోడంబాక్కం వంతెన దిగకముందే ఫోను.
బ్యాంకులో ఆడిట్, వెనక ఎవరో సంతకాలడుగుతున్నారు.
"తప్పు ప్రింటది" అంది.
సరే అన్నాను.
కాసేపు ఇద్దరి దగ్గరా హారన్లు.
తరవాత, ఆఫీసు గొంతు కాదు, డాబా మీది గొంతుతో,
"రెండూళ్లూ చూసుకుంటానన్నాడు కదక్కా వాడు?"

అన్నాడు, అన్నాను.