తొమ్మిదింటికి ఆగిన రాయి

థండర్ బేలో మంచు తలుపు గడియ దాకా వచ్చింది.
టీవీ కింది నల్లపెట్టె
తొంభై ఎనిమిది శాతం నిండానని
మూడు వారాలుగా గొణుగుతోంది.

దానికి రెండే చెవులు.
ఒకటి ఎస్కో హాకీకి, ఒకటి వాతావరణానికి.
నా రొట్టెల కార్యక్రమం మూడోది,
వినపడదంటుంది.

ఏదో ఒకటి చెరపాలి.
ఆరేళ్ల కిందటి కర్లింగ్ ఫైనల్ జోలికి మాత్రం పోకూడదు.
పోనీ, ఇంకో డిస్కులోకి తీసుకుందామంటే
అనుమతి లేదట,
మా గదిలో కూర్చుని, మా కరెంటు తింటూ!

ఆ రాత్రి ఆట ఆలస్యమైంది.
ఎస్కో ఆఖరి రాయి వదిలాడు.
చీపుళ్లు ముందు పరుగెత్తాయి,
రాయి సగం దూరం వచ్చింది,
సరిగ్గా తొమ్మిది.
పెట్టె కళ్లు మూసుకుంది.
చెప్పిన వేళ దాటితే
ఒక్క క్షణం మేలుకోదు.

ఎంత తిట్టాడో దాన్ని,
పాపం, ఫోనెత్తిన కస్టమర్ కేర్ కుర్రాణ్ణి కూడా.

ఇప్పుడు ఇంటికెవరొచ్చినా అదే వేస్తాడు.
తెర నల్లబడగానే
వేలు గాల్లో పొడిచి
"నట్టనడుమ!" అంటాడు.

ఆ రాత్రి నేనక్కడే ఉన్నాను,
అద్దం వెనక రెండో వరసలో.

కాఫీ పోస్తాను.
అందరూ వెళ్లాక
హాకీ చెరిపేస్తాను.