ఒంటిగంటన్నర ఆట

గంగపట్నం అవతల, కాలువ దాటినాక,
ఆరెకరాల రొయ్యల గుంట మీద నాకు రాత్రి కాపలా.
ఏరియేటర్లు నీళ్ళని చిలుకుతా ఉంటాయి.
దూరంగా కృష్ణపట్నం రేవు దీపాలు,
పెళ్ళి అయిపోయినా ఎవరూ విప్పని పందిరి మాదిరి.
ఒంటిగంటన్నరకి యూరప్‌లో ఆట మొదలవుతుంది.
నిద్రపోకుండా ఉండేదానికి జీతం తీసుకునేవాణ్ణి,
నాకంటే అర్హుడైన ప్రేక్షకుడు జిల్లాలో ఉండడు.

సెప్టెంబరులో ఒక జట్టుని ఎంచుకున్నా.
ఉత్తరాన ఎక్కడో చేపలరేవు, చిన్న ఊరు,
గోలు వెనకాలే పడవలు కట్టేస్తారు.
దాని పేరుకి నా నోరు తిరగదు.
చొక్కా మీద చేప బొమ్మ ఉంది. చాలదా?

చెంచయ్య తాత నీళ్ళు వాసన చూసి రోగం చెబుతాడు.
సెల్లులోకి తొంగి చూసి అడిగాడు:
"ఓడినోళ్ళకి మళ్ళీ ఆట లేదా?"
లేదు తాతా, ఇంటికే.
"అట్టయితే తెల్లమచ్చే" అన్నాడు.

రెండంచెలని చెప్పా.
వాళ్ళూళ్ళో ఒకటి, మనూళ్ళో ఒకటి, గోల్సన్నీ కలిపి లెక్క.
"వియ్యాలోళ్ళ విందులు గదా అబ్బయా!
మనం పెట్టింది వాళ్ళకి గుర్తుండదు,
వాళ్ళు పెట్టంది మనం మర్చిపోం."

నవంబరులో వాయుగుండం.
గట్టు తెగకుండా ఇసకమూటలు మోస్తా
ఒక ఆట మొత్తం జేబులోంచే విన్నా.
తెలియని భాషలో ఒకడు అరుస్తుంటే
అరుపు పొడుగుని బట్టి
గోలో కాదో కనిపెట్టా.

ఫిబ్రవరిలో పక్కనున్న మస్తానయ్య గుంట పోయింది.
అరవై రోజుల పంట, అంచున ఎర్రగా తేలింది.
బ్లీచింగు వాసన మూడు గట్లు దాటొచ్చింది.
ఆ రాత్రే మా చేపలూరు
కోట్లున్న జట్టుని ఒక్క గోలుతో ఇంటికి పంపింది.
కేకెయ్యబోయి,
మస్తానయ్య గుడిసెలో లైటు వెలుగుతుంటే
కండువా నోట్లో కుక్కుకున్నా.

మార్చి ఆఖర్లో వాళ్ళు గడియారాలు గంట ముందుకి తిప్పుకున్నారు.
ఆట పన్నెండున్నరకే వచ్చేసింది.
"ఎవుర్నడిగి తిప్పారు?" తాతకి కోపం,
టీ ఫ్లాస్కు ఇంకా చేరలేదని.

సెమీఫైనల్, రెండో అంచె.
మూడూ మూడూ సమం. అదనపు అరగంటా అయిపోయింది.
పెనాల్టీలకి వరసగా నిలబడ్డారు, భుజాలు పట్టుకోని.
కరెంటు పోయింది.

ఏరియేటర్లు ఒకదాని వెనక ఒకటి ఆగాయి.
ఆ నిశ్శబ్దం నాకు తెలుసు,
దాని కింద లక్షల నోళ్ళు గాలికోసం పైకి లేస్తాయి.
సెల్లు తాత చేతిలో పెట్టి పరిగెత్తా.
డీజిలు గొట్టంలో గాలి పట్టింది.
నోటితో పీల్చి, ఉమ్మి, మళ్ళీ తిప్పితే
జనరేటరు దగ్గింది. మళ్ళీ దగ్గింది.
పట్టుకుంది.

వచ్చేసరికి సెల్లు చచ్చిపోయి ఉంది.
ఏమైంది తాతా?
"ఒకడు తన్నాడు. బంతి ఆకాశంలోకి పోయింది.
గడ్డిలో మొహం పెట్టుకోని ఏడుస్తుండాడు."
చొక్కా ఏ రంగు? చేప బొమ్మ ఉందా?
తాత నీళ్ళ వైపు చూశాడు.
"ఏడిచేవోడికి రంగేంది అబ్బయా."

తెల్లారేదాకా ఛార్జింగు పెట్టలేదు.
చెక్‌ట్రే ఎత్తి చూశా. మేత తినేశాయి.
ఒకటి ఎగిరి మణికట్టు మీద గీసి పోయింది.

ఫైనల్ నాటికి పంట తీసేశాం, గుంట ఎండగట్టాం.
ఎవరో ఇద్దరు పెద్దోళ్ళు ఆడుకుంటుండారు,
నేను సగంలో ఆపేసి గట్టు దిగా.
సున్నం చల్లిన అడుగులో, టార్చి నోట కరుచుకోని,
తాత పీతలు తవ్వుతుండాడు.
జూలైలో మళ్ళీ చీటీలేస్తారంట తాతా.
"మనం సీడు దించేదీ అప్పుడే గదా."
కాసేపాగి, టార్చి చేతిలోకి తీసుకోని,
"ఆ ఏడిచినోడు ఉంటాడా, వాళ్ళల్లో?"
తెలవదు.
"ఉండాల" అని
పీతని బకెట్లో వేశాడు.