కిటికీ సందులో

గ్రిమ్స్‌బీలో ఫిబ్రవరి.
రేవు మీంచి వచ్చే గాలిలో
చేపల వాసన ఎప్పుడో పోయింది, ఉప్పు మాత్రం ఉంది.
పోస్టాఫీసు కౌంటరు అద్దం వెనక
సగం వేళ్ళ గ్లవ్స్ తొడుక్కుని నేను.
మా ఓనరు హీటరుకి చీటీ అంటించాడు:
లైన్లో ఐదుగురు దాటితేనే.

ఈ చలికాలం సర్కారు నెలకో కాగితం పంపుతోంది,
ముందు డబ్బు పోసి తర్వాత కరెంటు వాడుకునేవాళ్ళకి,
అంటే చేతిలో డబ్బు ఆడనివాళ్ళకి.
అరవై ఆరు పౌండ్లు. డిసెంబరు నుంచి అరవై ఏడు.
ఆ ఒక్క పౌండు ఎందుకు పెరిగిందని
రోజుకు నలుగురైనా అడుగుతారు.
నాలుగు వందల్ని ఆరుతో భాగించి చూడమంటాను.
లెక్క తేలగానే నవ్వుతారు,
కాస్త వెచ్చబడ్డట్టు.

చన్నీళ్ళకు వేణ్ణీళ్ళు తోడంటుంది మా అమ్మ.
ఇక్కడ చన్నీళ్ళకేం, సముద్రమంత.

ఇవాళ ఓస్గర్బీ వచ్చాడు.
ఎనభై ఒకటి. ఐస్‌లాండ్ నీళ్ళల్లో వలలు లాగిన చేతులు.
కుడి చేతికి రెండు వేళ్ళు లేవు.
'అక్కడే ఉన్నాయి, మంచులో, పాడవకుండా'
అంటాడు అడిగినా అడక్కపోయినా.
కౌంటరు మీద కవర్లు పెట్టాడు.
నాలుగు.
తడిసి ఆరి, తడిసి ఆరి
అంచుల్లో బూజు పట్టిన అప్పడాల్లా.

'బిల్లులనుకున్నాను లవ్' అన్నాడు.
(ఈ ఊళ్ళో ఆ పిలుపు బస్సు డ్రైవరుకీ దక్కుతుంది.)
కంపెనీ పేరు కనబడితే తెరవబుద్ధి కాలేదట.
పడగ్గది కిటికీ చెక్క కుంచించుకుపోయి
రాత్రంతా ఈల వేస్తుంటే
నాలుగు మడతలు పెట్టి సందులో కుక్కాడట.
'బాగా ఆపాయి. అబద్ధమెందుకు, ఈల ఆగిపోయింది.'
నిన్న పక్కింటి టామ్‌సిన్ బల్బు మార్చడానికొచ్చి
లాగి చూసి అరిచిందట.

కత్తెరతో విప్పాను, పుండు మీద కట్టు విప్పినట్టు.
అక్టోబరుది, కాలం చెల్లింది.
నవంబరుది, మొన్న మంగళవారంతో చెల్లింది.
డిసెంబరుది చెల్లుతుంది.
జనవరిది చెల్లుతుంది.
పనికొచ్చినా పనికిరాకపోయినా
నా భాషలో ఒకటే మాట.
అది ఆయనకెలా చెప్పను,
బొటనవేలు పైకెత్తాను రెండుసార్లు,
దించాను రెండుసార్లు.

బస్సు పాసు మీద ఫోటోలో ఆయనకింకా బుగ్గలున్నాయి.
పేరు సరిపోయింది. అడ్రసు సరిపోయింది.
మీటరు తాళంచెవిలోకి
నూట ముప్పై నాలుగు పౌండ్లు ఎక్కించాను.
'ఎన్నాళ్ళొస్తుంది?'
చెప్పలేను.
దీపం పెట్టని రోజుకి కూడా
కూలి రాసుకునే మీటరది,
ముందు దాని బాకీ అది మింగుతుంది.

చెల్లనివాటికి కంపెనీకి ఫోన్ చేయాలి,
మళ్ళీ పంపుతారు.
నలభై నిమిషాలు పియానో వినాలి ముందు.
'పియానోకి నా ఫోన్లో డబ్బుల్లేవు.'
సరే, నా భోజనం టైములో నేను వింటానన్నాను.
వెనక ఎవరో దగ్గారు, ఎవరో గడియారం చూశారు.
ఓస్గర్బీ మూడు వేళ్ళతో జేబు జిప్పు వేసుకుంటున్నాడు,
పడవకి తాడు కట్టినంత నిదానంగా.
ఏడుగురయ్యారు లైన్లో.
ఓనరు లోపల్నించి వచ్చి
ఏమీ మాట్లాడకుండా హీటరు వేశాడు.
ఎవ్వరూ తొందర పెట్టలేదు ఆ తర్వాత.

తలుపు దాకా వెళ్ళి తిరిగొచ్చాడు.
'ఆ ఖాళీ కవర్లు ఇస్తావా?
రాత్రికి గాలి ఉందట.'

నాలుగూ ఇచ్చాను.
కౌంటరు పక్కన పేర్చిన
'కరెంటు పొదుపు ఎలా' కరపత్రాలు కూడా
ఓ గుప్పెడు తీసిచ్చాను.
మంచి దళసరి కాగితం.